రివర్స్ పడని వ్యాను

కార్లా హైకినెన్ వ్యాను రివర్స్ గేరు అక్టోబరు చివర్లో ఒక శనివారం, హాంకాక్ ఊళ్ళో కొండ మీది కిరాణా దుకాణం ముందు పోయింది. లివరు రివర్సులోకి వేసి యాక్సిలరేటరు నొక్కితే ఇంజను గొంతు పెంచిందే తప్ప బండి అంగుళం కదల్లేదు. ముందు సిమెంటు గోడ. వెనక సీట్లు తీసేసిన చోట, చక్రాల కుర్చీలో కూతురు సిగ్నె కూర్చుని ఉంది.

"చచ్చిందా అమ్మా?"

"చావలేదు. వెనక్కి రానంటోంది, అంతే."

"అచ్చం నీ పోలికే."

దుకాణంలోంచి వస్తున్న ఇద్దరు మనుషులు బండిని వెనక్కి నెట్టారు. ఆ రోజు నుంచి కార్లా ఎక్కడికెళ్ళినా, మళ్ళీ ముందుకే బయటపడేలా చోటు చూసుకుని బండి ఆపడం మొదలుపెట్టింది. ఆసుపత్రి ఆవరణలో నాలుగు చుట్లు తిరిగేది. ఇంటి ముందు వాకిట్లోకి ఎక్కించకుండా వీధి వారనే వదిలేసేది. భర్త డేల్ పెద్ద సరస్సుల్లో సరుకు ఓడ మీద పని చేస్తాడు, జనవరిలో నీళ్ళు గడ్డకడితే గాని ఇంటికి రాడు. ఫోన్లో అతనన్నది ఒక్కటే: "ఇంకెన్నాళ్ళు లాగుతావు దాన్ని? వదిలెయ్యి."

వదిలేస్తే ఇంకొకటి దొరకొద్దూ? అడుగు కిందికి దించి, చక్రాల కుర్చీ ఎక్కేలా ర్యాంపు బిగించిన వ్యాను కోసం పేరు రాయించుకుంటే ఏడాది పైనే పడుతుందన్నారు. ఇక్కడ సిగ్నె ఆటల కాలం మొదలైపోయింది. స్లెడ్జి అనే జారే పీట మీద కూర్చుని, రెండు పొట్టి కర్రలతో మంచును తోసుకుంటూ ఆడే హాకీ అది. వారం వారం మార్కెట్ అనే ఊరికి వెళ్ళాలి, రెండు గంటల దారి.

బండిని డ్వేన్ షెడ్డుకు తీసుకెళ్ళింది. అక్కడ బల్ల మీద తమ బళ్ళ కోసం కాఫీ తాగుతూ ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఇద్దరివీ అదే రకం పాత వ్యాన్లే.

"నాది లక్ష మైళ్ళకే గేర్‌బాక్సు మార్పించాను. ఇప్పుడు రెండోది మూలుగుతోంది," అంది బెర్నీస్ అనే ఆవిడ. "కానీ ముగ్గురు పిల్లల్ని పెంచింది తల్లీ ఆ బండి. తిట్టడానికి నోరు రాదు."

"ఇంజనుకేం, గొడ్డలితో కొట్టినా చావదు," అన్నాడు పక్కనున్న పెద్దాయన. "అడుగు చూసుకోండి అడుగు. మొన్న బ్రేకు తొక్కితే నా బూటు కింద రోడ్డు కనపడింది."

డ్వేన్ బండి కింద నుంచి జారుతూ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "కార్లా, గేర్‌బాక్సు లోపల అరిగిపోయింది. ఇవాళ రివర్స్ పోయింది, రేపు ముందుకెళ్ళేవీ పోతాయి. పాత ఇనుము కొట్లోంచి తెచ్చి వేద్దామంటే అవీ ఇలాగే చావుకు సిద్ధంగా ఉంటాయి."

"మంచిదెక్కడా లేదా?"

డ్వేన్ కాసేపు నసిగాడు. "ఒకటుంది. తోయివోలాలో వెండెల్ రువోనా దగ్గర. వాళ్ళావిడ ఐలీ బండీ ఇదే రకం, పోయే ముందు ఏడాది దానికి కొత్తది వేయించింది, నేనే బిగించాను. కానీ ఆయన బోల్టు కూడా ఇవ్వడు. అడిగినవాళ్ళని గుమ్మంలోంచే పంపేశాడు."

"నన్ను పంపెయ్యనీ చూద్దాం," అంది కార్లా.

వెండెల్ రువోనా ముప్పై ఏళ్ళు జిల్లా రోడ్ల శాఖలో పని చేసి రిటైరైనవాడు. చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడమే ఆయన పని. భార్య బండి అడుగును తినేసింది ఆ ఉప్పే. పైన చూస్తే రంగు కూడా పోలేదు. కింద మాత్రం జల్లెడే. కొట్టంలో ఎండుగడ్డి పక్కన, గుడ్డ కప్పి పెట్టుకున్నాడు దాన్ని. ఆదివారం ఆదివారం ఇంజను వేసి, కాసేపు లోపల కూర్చుని వస్తాడట.

కార్లా విషయం చెప్పింది. ఆయన ఆఖరిదాకా విని, "లేదమ్మాయ్," అని తలుపు వేసేశాడు.

వారం తిరిగాక మళ్ళీ వెళ్ళింది. ఈసారి గేర్‌బాక్సు మాట ఎత్తలేదు. "మీ దాంట్లో కూడా వేడి గాలి డ్రైవరు వైపే వస్తుందాండీ?" అని అడిగింది.

ఆయన కనుబొమలు లేచాయి. "మా ఐలీ చెమటలు కక్కేది, పక్కన నేను దుప్పటి కప్పుకునేవాణ్ణి."

"వాన పడితే తలుపు తెరిచుందని గంట మోగుతుందా, అన్నీ వేసే ఉన్నా?"

"మోగడమా! చర్చి ముందు ఆపితే పాదిరిగారు కిటికీలోంచి చూసేవారు." వెండెల్ నవ్వాడు. లోపలికి రమ్మని యాలకుల రొట్టె కోసి పెట్టాడు. మంచం దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకు ఐలీ ఆ బండిలోనే సూపు గిన్నెలు మోసేదనీ, ఇప్పటికీ లోపల ఉల్లిపాయ వాసన వస్తుందనీ చెప్పాడు. గంట సేపు కూర్చున్నారు. లేచేటప్పుడు మాత్రం, "నువ్వు మంచిదానివే. అయినా ఇవ్వను," అన్నాడు.

ఇంటికొచ్చి కార్లా కూతురితో అంది, "ఈసారి నువ్వూ రావే."

సిగ్నె ముఖం ఎర్రబడింది. "దేనికి? నా కాళ్ళు చూపించి అడుక్కోడానికా? నేను రాను. ఆ పని చేస్తే నీతో మాట్లాడను కూడా."

కార్లా సిగ్గుపడింది. ఆ ఆలోచన నిజంగానే ఒక మూల మెదిలింది మరి. మూడోసారి ఒక్కతే వెళ్ళింది. కొట్టంలో ఆయన బండి మీది గుడ్డ తీసి ఇంజను మూత ఎత్తితే, లోపల ఎలుక గూడు కనబడింది. వైర్ల పైతొడుగు కొరికిన ముక్కలతో కట్టుకుంది అది.

"వెండెల్ గారూ, కోపం తెచ్చుకోండి, పర్లేదు, ఒక మాట చెప్తాను. ఇంకో రెండు చలికాలాలకు దీంట్లో ఏమీ మిగలదు. ఎలుకలు కొంతా తుప్పు కొంతా పంచుకుంటాయి. ఐలీ గారు కొత్తగా వేయించింది కూడా దీంతోనే మట్టిలో కలుస్తుంది. ఆవిడే ఉంటే దీన్ని నడిపేది గాని, గుడ్డ కప్పేది కాదు."

"ఐలీ ఏం చేసేదో నువ్వు నాకు చెప్తావా?" ఆయన ఇంజను మూత దబ్బున వేశాడు. "బయటికి నడువు."

కార్లా వచ్చేసింది. దారంతా తనను తాను తిట్టుకుంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. మర్నాడే డ్వేన్‌కి ఫోన్ చేసి, పాత ఇనుము కొట్టులో ఉన్నవాటిలో కాస్త తక్కువ అరిగినది చూసిపెట్టమని చెప్పింది. ఏదో ఒకటి వేసి నడపాలి, ఆగకూడదు.

నవంబరు మొదటి మంచు పడిన రోజు, ఇంటి ముందు ఒక ట్రక్కు ఆగింది. వెండెల్ దిగి, వీధి వారన ఉన్న వ్యాను చుట్టూ తిరిగాడు. వంగి అడుగున చేత్తో తట్టి చూశాడు. వసారాలో ఉన్న సిగ్నె చూస్తూనే ఉంది.

"అడుగు గట్టిగానే ఉంది," అన్నాడాయన.

"మా అమ్మ రోజూ కడుగుతుంది. ఎవరో ఉప్పు చల్లుతారుగా మరి," అంది సిగ్నె.

ఆయన పెద్దగా నవ్వాడు. "ఆ ఎవరో నేనే."

"తెలుసు. చూడండి, జాలిపడి ఇచ్చేట్టయితే వద్దు. మా బండికి సరిపోతుందనుకుంటే ఇవ్వండి."

"మీ ఇంట్లో అందరి నోరూ ఇంతేనా? ఆ రోజు నేనూ కాస్త గట్టిగానే అన్నాన్లే మీ అమ్మని." కార్లా తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అమ్మాయ్, ఆ బండి మీద చెయ్యి వేస్తే నేనే వెయ్యాలి. ఇంకొకళ్ళు విప్పడానికి వీల్లేదు. ఒప్పుకుంటావా?"

"విప్పండి. పక్కన నేను లైటు పట్టుకుంటాను."

వెండెల్ కొట్టంలో పని లైటు పట్టుకోవడంతో పోలేదు. తుప్పుపట్టిన బోల్టులు ఊడిరాక మంట పెట్టి కాల్చాల్సొచ్చింది. ఒకటి విరిగి లోపలే ఉండిపోతే, వెండెల్ వెల్లకిలా పడుకుని దాన్ని తొలిచాడు. కార్లా మోచేతులు రెండూ చీరుకుపోయాయి. డ్వేన్ వచ్చి గొలుసులతో ఎత్తించాడు. తీరా కార్లా బండికి బిగించి ఇంజను వేస్తే, కింద ఎర్రగా నూనె కారింది.

డ్వేన్ తల పట్టుకున్నాడు. "మళ్ళీ మొత్తం దించాలి."

కార్లా నేల మీది నూనె తుడిచి, జాకీ కిందికి జరుపుకుంది. "దించుదాం," అంది.

మళ్ళీ దించారు. మడత పడిన రబ్బరు వలయం మార్చి మళ్ళీ ఎక్కించారు. ఆ సాయంత్రం కార్లా లివరును రివర్సులోకి వేసింది. బండి ఒక్క కుదుపు కుదిపి, మెల్లగా, బుద్ధిగా కొట్టంలోంచి వెనక్కి బయటికొచ్చింది. చూస్తున్న సిగ్నె హాకీ కర్రలు రెండూ కొట్టి కేక పెట్టింది. వెండెల్ మాత్రం చెయ్యి నోటికడ్డం పెట్టుకుని, కొట్టంలో మిగిలిన బండి వైపు తిరిగి నిలబడ్డాడు. కార్లా దిగి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.

ఆయనే అన్నాడు. "రేపు దాన్ని తీసుకెళ్ళడానికి రమ్మని పాత ఇనుము వాళ్ళకి చెప్తాను. ఆదివారం ఎంత పెడల్ నొక్కినా, గేర్‌బాక్సు లేనిది ఇంక కదలదుగా."

"తీసుకెళ్ళేటప్పుడు నేనూ వస్తాను," అంది కార్లా.

డిసెంబరులో సిగ్నె జట్టు మార్కెట్ ఊళ్ళో ఆడింది. నాలుగు గోల్సు తేడాతో ఓడిపోయింది. సిగ్నె మాత్రం తనకంటే రెండింతలున్న అబ్బాయిని గోడకేసి గుద్ది, శిక్ష పడి, ఆట నుంచి తప్పించినవాళ్ళ పెట్టెలో కూర్చుంది. పై వరసల్లోంచి వెండెల్, "ఇంకా గట్టిగా గుద్దవే!" అని అరిచి, చుట్టూ ఉన్నవాళ్ళ చేత చీవాట్లు తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో మంచు దట్టంగా పడుతోంది. పక్క సీట్లో వెండెల్ దుప్పటి కప్పుకుని, చెవి ఒగ్గి ఏదో వింటున్నాడు.

"మూడో గేరు కాస్త ఆలస్యంగా పడుతోంది అమ్మాయ్."

"ఆదివారం చూద్దాం."

"పొద్దున్నే రండి. రొట్టె చేసి ఉంచుతాను," అన్నాడు వెండెల్.