బిళ్ళ ఎవరి మెడలో

ఏడో తరగతిలో ఇంగ్లీషంటే సియోంబువాదే. మాస్టారు ప్రశ్న అడగడం ఆలస్యం, నీళ్ళు తాగినంత సులువుగా జవాబు చెప్పేది. ఆ బడి గేటు దాటి లోపల అడుగుపెడితే పిల్లల నోట తమ ఇంటి భాష కంబా రాకూడదు. వచ్చిందా, మెడలో బిళ్ళ పడుతుంది. అరచేయంత చెక్కముక్క, దానికో తీగ. పడినవాళ్ళు ఇంకెవరైనా కంబా మాట్లాడుతుండగా పట్టుకుని వాళ్ళ మెడకి తగిలించాలి. సాయంత్రం గంట కొట్టేసరికి అది ఎవరి దగ్గరుంటే వాళ్ళకి బెత్తం దెబ్బలు. పిల్లల మీదికి పిల్లల్నే ఉసిగొలిపే ఈ ఏర్పాటు కనిపెట్టినవాడెవడో గాని, మహా తెలివైనవాడు. మాస్టర్లు కుర్చీ దిగక్కర్లేదు.

సియోంబువా మెడలో అది ఒక్కసారీ పడలేదు. మచాకోస్‌ పట్నంలోని ఆడపిల్లల హాస్టలు బడిలో చేరడానికి సోమవారం ఇంటర్వ్యూ. ఈ బడినుంచి ఒక్కరినే పంపుతారు. "శుక్రవారం గంటకి బిళ్ళ ఎవరి దగ్గరుంటే వాళ్ళ పేరు జాబితాలోంచి కొట్టేస్తాను" అన్నారు ముథెంగీ మాస్టారు. కూతురు వెళ్ళిపోయినట్టే అనుకుని సియోంబువా తల్లి సంతలో అందరికీ చెప్పుకుంది కూడా.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నీళ్ళడబ్బా జారి సియోంబువా కాలివేలి మీద పడింది. "అమ్మా!" అని అరిచింది, కంబాలో. దెబ్బ తగిలినప్పుడు ఇంగ్లీషు ఎవరికి గుర్తొస్తుంది? పొద్దుట్నుంచీ బిళ్ళ మోస్తున్న క్యాలో పరిగెత్తుకొచ్చి, పండగ చేసుకున్నట్టు ఆమె మెడలో వేశాడు.

దాన్ని స్వెట్టరు లోపలికి దోపుకుంది. లాభం లేకపోయింది. క్షణంలో బడంతా తెలిసిపోయింది. ఆమె ఎటు వెళ్తే అటు నోళ్ళు మూతపడ్డాయి. పంపు దగ్గర, చూరు కింద, మరుగుదొడ్డి వెనక, ఎక్కడ చూసినా మూగవాళ్ళే. గంటకి ఇంకా కాసేపే ఉంది. సియోంబువాకి ఏడుపొచ్చింది.

అప్పుడు కనిపించింది కటుంగే. తరగతి గోడ వెనక ఒక్కతే కూర్చుని ఉంది. మంగళవారం వాళ్ళమ్మని పాతిపెట్టారు. ఆ తర్వాత ఇవాళే బడికొచ్చింది. ఎవరితోనూ కలవలేదు గనక బిళ్ళ సంగతి ఆమెకి తెలియదు. ఒకటో తరగతినుంచీ ఇద్దరిదీ ఒకే గిన్నె. ఆ గిన్నెలో మొక్కజొన్న, చిక్కుడుగింజల ఉడుకు ఇద్దరికి సరిపడా పెట్టి పంపింది ఆ తల్లే.

సియోంబువా పక్కన కూర్చుంది. ఇంగ్లీషులో అడిగింది.

"మీ అమ్మగారి అంత్యక్రియలు ఎట్లు జరిగినవి?"

"బాగుగా జరిగినవి. ధన్యవాదములు." పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది కటుంగే. ఆమెకి వచ్చిన ఇంగ్లీషు అంతే.

"ఆఖరి దినమున ఆమె ఏమి పలికినది?"

కటుంగే నోరు తెరిచింది. "ఆమె... ఆమె నన్ను..." మాట దొరకలేదు. సియోంబువా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో ప్రేమ లేదని అనలేం. ప్రేమా ఉంది, లెక్కా ఉంది. ఎదురుచూసింది.

కటుంగే కట్ట తెగింది, కంబాలో. "అమ్మ పిలుస్తూనే ఉందటే! నేను వాగులో చెలమ తవ్వుతున్నా. నీళ్ళు ఊరట్లేదు, ఊరట్లేదు. దాహమే, దాహమే అని నా పేరే పెట్టి పిలిచిందంట. నేను బిందె ఎత్తుకుని పరిగెత్తుకొచ్చేసరికి..."

సియోంబువా చెయ్యి స్వెట్టరులోకి వెళ్ళింది.

కటుంగే బిళ్ళని చూసింది. సియోంబువా మొహాన్ని చూసింది. తీగ తీసుకుని, తనే తలమీదుగా మెడలో వేసుకుంది. అప్పుడే గంట కొట్టారు. అరచేతుల మీద పడిన నాలుగు దెబ్బలకీ ఆమె నోటినుంచి ఏ భాషా రాలేదు. జాబితాలో సియోంబువా పేరు అలాగే ఉండిపోయింది.

మర్నాడు సియోంబువా అరకిలో పంచదార పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. గుమ్మంలో కటుంగే పిన్ని ఎదురొచ్చింది. "రా తల్లీ, రా. మా పిల్లకి నువ్వొచ్చావంటే ప్రాణం లేచొస్తది" అంటూ స్టూలు వేసింది. కటుంగే టీ తెచ్చి, పరాయి ఇంటి చుట్టానికి ఇచ్చినట్టు రెండు చేతులతో అందించింది. వాచిన అరచేతులు.

ఇక్కడ బడి లేదు, బిళ్ళ లేదు. సియోంబువా కంబాలోనే అంది. "కటుంగే, తప్పు చేశానే. నిన్న సగంలో ఆపేశావు. నువ్వొచ్చేసరికి ఏమైందో చెప్పవే. చివరిదాకా వింటాను."

కటుంగే నిటారుగా నిలబడింది. ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, ఇంగ్లీషులో, తప్పు లేకుండా చెప్పింది.

"నా తల్లి మరణించినది. మేము ఆమెను మంగళవారమున పాతిపెట్టితిమి. అడిగినందుకు ధన్యవాదములు."



పొయ్యి దగ్గరున్న పిన్నికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా మురిసిపోయి బుగ్గలు నొక్కుకుంది. "అమ్మో అమ్మో, మా కటుంగేకి కూడా ఎంత ఇంగ్లీషొచ్చేసిందో! ఇదంతా నీ స్నేహం చలవే తల్లీ. మా అక్క విని ఉంటే ఎంత సంతోషించేదో! ఏదీ, ఇంకాస్త మాట్లాడుకోండే, వింటాను."