పదమూడో స్లైడు

ఇరవై రెండేళ్ల తర్వాత మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. డిగ్రీలో జువాలజీ అయిపోయాక మళ్లీ ఇదే.

మా అక్క కూతురు సంతోషి కోదాడలో ఎం.ఫార్మసీ చదువుతోంది. ఎలుకలకు గడ్డిమందు ఇస్తే కాలేయం ఎంత చెడుతుందో, దాంతోపాటు మునగాకు సారం ఇస్తే ఎంత నిలుస్తుందో చూడడం ఆమె ప్రాజెక్టు. ఏమీ ఇవ్వనివి, గడ్డిమందు ఒక్కటే ఇచ్చినవి, రెండూ ఇచ్చినవి అని గుంపుకు ఆరు చొప్పున పద్దెనిమిది ఎలుకలు, వాటి కాలేయం ముక్కలతో పద్దెనిమిది స్లైడ్లు. మర్నాడు అవి పరీక్షకు సూర్యాపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి. ఏది ఏ గుంపుదో ఆమెకు చెప్పరు. ఫలితం ఎలా వస్తుందోనన్న భయం అంతకుముందే తీర్చుకోవాలని, ఆదివారం సంతోషి నన్ను మిర్యాలగూడ నుంచి కాలేజీకి పిలిపించుకుంది.

"నేనేమన్న డాక్టర్నా బిడ్డా?"

"బియ్యంల మట్టిపెళ్ల నీ కండ్ల పడకుండ పోతదా చిన్నమ్మా? గట్లనే సూడు. మూడు కుప్పలు చెయ్."

స్లైడ్ల మీద అంకెలు తప్ప ఏమీ లేవు. మొదటిదాంట్లో లేత గులాబీ కణాలు, నడుమ రక్తనాళం చుట్టూ వరుసలు తీరి ఉన్నాయి, తాడు పట్టి నాటేసినట్టు. ఒక ఎలుక పొట్టలో ఇంత పొందికా అనుకున్నాను.

నాలుగోది చూడగానే వెనక్కి జరిగాను. వరుసలు చెదిరిపోయాయి. ఎటు చూసినా తెల్లటి బుడగలు, ముడుచుకుపోయిన నల్ల చుక్కలు.

"ఇది గడ్డిమందుదే కదనే?"

"నన్నడగకు. కుప్పల పెట్టు."

తొమ్మిదోది వేరు. బుడగలు అక్కడక్కడ ఉన్నాయి. విషం వచ్చి పోయిన జాడ తెలుస్తోంది. అయినా కణాలు తమ చోటు వదల్లేదు.

గంటన్నర పట్టింది. సంతోషి ఏ అంకె ఏ గుంపుదో రాసుకున్న చీటీ తీసి సరిచూసింది. పదిహేడు కలిశాయి. పదమూడో అంకె దగ్గర మొహం వాడిపోయింది.

"ఇది మునగాకు ఇచ్చిందే. చెడ్డదాంట్ల కలిపినవ్. మల్లొక్కసారి సూడు."

మూడుసార్లు చూశాను. "చెడిందే."

సంతోషి చీటీ మడిచింది. తర్వాత నెమ్మదిగా అంది: "ఒక్క స్లైడు పగిలిందంటే ఎవరడుగుతరు? ఆరుకు ఆరు నిలుస్తయనుకున్న. సార్ ముంగట ఇగ నా పరువు ఖతం."

"మీ నాయన పాలకీడుల వీపుకు పంపు ఏసుకొని గడ్డిమందు కొడతడు. మూతికి గుడ్డ కట్టుకోమంటేనే నా మీదికి లేస్తడు. ఇగ 'నా బిడ్డ రాసింది, మునగాకు తింటే ఏం కాదు' అని ఊరంత చెప్పుకుంట కొడతడు. ఆ నిలవని ఆరో ఎలుక లెక్కనే మీ నాయనకైతే?"

సంతోషి పదమూడో స్లైడును కిటికీ వెలుగుకు ఎత్తి చాలాసేపు చూసింది. దాన్ని పెట్టెలో దాని గడిలోనే పెట్టింది. పుస్తకం తెరిచి రాసింది: 'ఆరింటిలో ఐదు నిలిచినట్టుంది. ఒకటి నిలవలేదు. కారణం తెలియదు.'

పెట్టె మూయబోతుంటే ఆపాను. "జర ఆగు. నిలిచినదాంట్ల ఒక్కటి మల్ల సూపియ్యి."

నవ్వి, తొమ్మిదోది పెట్టి పక్కకు జరిగింది. ఈసారి తొందర లేకుండా చూశాను. బుడగల పక్కనే ఒక కణం నడుమ సన్నబడి, రెండుగా విడిపోతూ అలాగే ఆగి ఉంది.

"సంతోషీ, ఇదేందే?"

తను వంగి చూసి, గొంతు తగ్గించి చెప్పింది: "పోయినదాని జాగల కొత్తది పుడుతున్నది చిన్నమ్మా."

నేను కన్ను తీయలేదు.