కిలోమీటరుకి సున్నా

తిరుమలరావు మేష్టారికి లెక్కలు చెప్పడం ఉద్యోగం, లెక్కలు వెయ్యడం జబ్బు. రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠం చెబుతాడు. పెళ్ళికెళితే పెళ్ళికూతురి మొహం చూడడు, విస్తరికెంత పడిందో వంటవాణ్ణి అడిగి తెలుసుకుంటాడు. అలాంటి మనిషి కారు కొన్నాడు. కొంటే కొన్నాడు, దాన్ని నలుగురిలా ఎక్కి తిరిగితే ఈ కథ ఉండేది కాదు.

కొన్నది పూర్తిగా కరెంటు మీద నడిచే బండి. పోటీకి భీమశంకరరావు ఉండనే ఉన్నాడు. ఆయనది రైసుమిల్లు. విశాఖపట్నంలో ఎవరో వదిలించుకుంటున్న విదేశీ బండిని కొని తెచ్చాడు. దానికి ప్లగ్గు పెట్టి చార్జింగూ చెయ్యొచ్చు, పెట్రోలూ పొయ్యొచ్చు. నలభై యాభై కిలోమీటర్లు కరెంటుతో పోయి, అది అయిపోగానే పెట్రోలు అందుకుంటుంది. సాయంత్రం మిల్లు వరండాలో టీ గ్లాసులు పట్టుకుని ఇద్దరూ కోడిపుంజుల్లా కూర్చునేవారు, చుట్టూ నలుగురు చూడ్డానికి.

"విజయనగరం దాకా నాకు కిలోమీటరుకి రూపాయిన్నర, మేష్టారూ. వైజాగెల్తే పెట్రోలు కూడా తాగుతాది గాబట్టి నాలుగు. గానీ దార్లో ఆగిపోతానన్న బెంగ లేదు."

"నాది ఎక్కడికెల్లినా రూపాయి ముప్పై," అన్నాడు తిరుమలరావు.

"అది ఇంటికాడ చార్జింగెడితే. రోడ్డు మీద పెడితే యూనిట్టు ఇరవై కాదేటి? పోనీ ఇల్లే అనుకుందాం. మీ ఇంటి బిల్లు స్లాబు మారిపోయి మూడింతలైందట గదా! మీ ఆవిడ మా ఇంటికాడ కళ్ళనీళ్ళెట్టుకుందట. అదీ కలపండి మరి లెక్కలో!"

వరండా వరండా అంతా నవ్వింది. కాలేజీలో మార్కులు తప్పు వేశావన్నా పడతాడు గాని, లెక్క తప్పావని నలుగురిలో అంటే మేష్టారు పడడు. ఆ నవ్వుతో రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజుకి దారి దొరికింది. గెడ్డవలసలో తండ్రి ఇచ్చిన ఎకరం జీడితోట, అందులో ఒక బోరు, అయిదు హార్సుపవరు మోటారు ఉన్నాయి. జీడిచెట్లకి ఎవరూ నీళ్ళు పెట్టరు గనక ఆ మోటారు తుప్పు పడుతూ ఉంది. కనెక్షను మాత్రం బతికే ఉంది. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలు కరెంటు ఉత్తినే వస్తుంది. ఊరికే వచ్చేదాన్ని ఏడుతో భాగించినా పదితో భాగించినా వచ్చేది సున్నాయే.

ఊళ్ళో తెలియకుండా బొబ్బిలి నుంచి ఎలక్ట్రీషియన్ని పిలిపించి, మోటారు షెడ్డులో పెద్ద చార్జింగు డబ్బా బిగించాడు. బిగిస్తూ అతను చెప్పాడు.

"మేష్టారూ, మోటారంటే లోడు మూడు ఫేజులూ పంచుకుంటాయి. ఇది ఒక్క ఫేజు మీదే పడిపోతాది. ఆ ట్రాన్స్‌ఫార్మరు సిన్నది. ఉన్న మోటార్లకే ఆయాసపడతన్నాది."

"నేను లెక్కేసేను, నువ్వు బిగించు."

వేసింది రూపాయల లెక్క. ట్రాన్స్‌ఫార్మరు ఎంత మోస్తుందన్న లెక్క వెయ్యలేదు. వేసుంటే ఆ మనిషికి అయిదు నిమిషాల పని.

తిరుమలరావు అక్క కుమారిని గెడ్డవలసలోనే ఇచ్చారు. బావ అప్పలసూరి మొక్కజొన్న చేను తోట పక్కనే. తమ్ముడు ఆదివారం ఆదివారం తోటకొస్తున్నాడని సంబరపడి కుమారి క్యారేజీ పట్టుకెళ్ళింది. షెడ్డులోంచి కారు దాకా పాకిన లావుపాటి తీగ చూసి ఆగిపోయింది.

"కరెంటోళ్ళకి సెప్పేవేట్రా?"

"ప్రభుత్వం ఎలాగూ ఉత్తినే ఇస్తన్నాది గదప్పా. నువ్వెవరికీ సెప్పకు. బావకి కూడా."

చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. తమ్ముడు అడిగితే ప్రాణమైనా ఇచ్చే మనిషి, వేసింది.

ఆ నెలంతా మిల్లు వరండాలో తిరుమలరావు రాజు. "కిలోమీటరుకి సున్నా," అనేవాడు. ఎలాగని భీమశంకరరావు ఎంత గింజుకున్నా మీసం చాటున నవ్వేవాడు తప్ప చెప్పేవాడు కాదు.

శివరాత్రి వెళ్ళిన ఆదివారం. మొక్కజొన్న పీచు వేసి గింజ పాలు పోసుకుంటోంది. ఆ పది రోజులూ తడి తప్పితే కంకి తాలైపోతుందని చిన్నపిల్లకైనా తెలుసు. చేలల్లో మోటార్లన్నీ నడుస్తున్నాయి, తోటలో కారు తాగుతోంది. పదకొండు గంటల వేళ పెద్ద చప్పుడైంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి నల్లటి పొగ, కింద బుడబుడా కారిపోతున్న నూనె. జనం అటు పరిగెత్తుతుంటే తిరుమలరావు తీగ పీకి, చుట్టి డిక్కీలో పడేసి, రాజాం వెళ్ళిపోయాడు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి వచ్చి డబ్బా ఊడదీశాడు. గోడకున్న మేకుల కన్నాలు మట్టితో పూడ్చాడు.

లైన్‌మేన్ నరసింగరావు వచ్చి చూసి తల అడ్డంగా తిప్పాడు. "ఓవర్లోడు. మీలో ఎవడో దొంగతనంగా లోడు ఏసేడు. కొత్తది రావాలంటే వరసలో సానా ఊళ్ళున్నాయి. ఇరవై రోజులైనా పడతాది."

ఇరవై రోజులంటే పంట పోయినట్టే. ఎవడా దొంగ? పెద్దమనుషులు రామమందిరం దగ్గర కూర్చున్నారు. ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద మోటారున్న అయిదుగురూ పళ్ళెంలో వెలిగించిన కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యాలన్నారు. తేలినవాడు ఊరికి తప్పు కట్టాలి. లైను వెళ్ళిన వరసలోనే పేర్లు పిలిచారు. మొదటి ఇద్దరూ ఆర్పారు. మూడో పేరు గున్నమ్మది. మొగుడు పోయి, ఒంటి చేత్తో ఎకరన్నర చేస్తున్న మనిషి. "నా బిడ్డల మీద ఆన," అని ఏడుస్తూ ఆర్పింది. నాలుగోది అప్పలసూరి. ఆఖరి పేరు తిరుమలరావు.

నిజానికి అతనికి దేవుడంటే పెద్ద నమ్మకం లేదు. కర్పూరం ఒక రసాయనం, ఆర్పితే ఆరిపోతుంది, అంతే. ఆర్పడానికి సిద్ధపడే వచ్చాడు.

అప్పలసూరి లేచాడు. పళ్ళెం దాకా వెళ్ళాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను ఆర్పను. నీళ్ళు కిందకెల్పోయాయని మూడేళ్ళ కిందట అయిదు తీసీసి ఏడున్నర మోటారు ఏసేను."

ఒక్కసారిగా అందరూ లేచారు. పెద్దలు కసిరారు, కుర్రాళ్ళు మీదికెళ్ళారు. కర్పూరం దానంతటదే కాలి ఆరిపోయింది. అయిదో పేరు ఎవరూ పిలవలేదు. పెద్ద మోటారుని మూడేళ్ళు మోసిన ట్రాన్స్‌ఫార్మరు ఇప్పుడే ఎందుకు కాలిందని ఒక్కడికీ తోచలేదు. తోచినవాడు లెక్కల మేష్టారు, ఆయన నోరు విప్పలేదు. పైగా గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. సిగ్గులేని గాలి అది. ఆడవాళ్ళ గుంపులోంచి కుమారి తమ్ముడి వైపే చూసింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడింది గాని పెదవి కదపలేదు.

కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఇరవై నాలుగో రోజున వచ్చింది. అప్పటికి కంకులు పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. గున్నమ్మ అప్పలసూరి వాకిట్లో నిలబడి, దోసిళ్ళతో మన్నెత్తి పోసి, పేరు పేరునా తిట్టింది. తప్పు కట్టడానికి అతను పాడి గేదెలు రెండూ అమ్మేశాడు. కూలికి పిలిచేవాడు లేడు, టీ కొట్టు దగ్గర పక్కన కూర్చునేవాడు లేడు. ఆ మొహంతో ఊళ్ళో తిరగలేక యాభై రెండేళ్ళ వయసులో చెన్నైలో భవనాల పనికి బయల్దేరాడు.

విజయనగరం స్టేషను దాకా తనే దించుతానన్నాడు తిరుమలరావు. కుమారి కూడా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద కుమారి నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళగానే తిరుమలరావు జేబులోంచి ఒక కవరు తీసి బావ చేతిలో పెట్టబోయాడు.

"కర్సులకుంచు, బావా."

"ఏ కర్సులకి? నీ బండి తాగిన కరెంటు కర్సులకా?" అప్పలసూరి కవరు తోసేశాడు. "నీ తోటకి కంప కట్టింది నేనురా. నీ షెడ్డులో డబ్బా నేను సూడ్లేదనుకున్నావేటి? పేలిన రోజు నువ్వు తీగ సుట్టుకొని ఎల్పోతుంటే గట్టు మీద నిల్సున్నాను."

తిరుమలరావు కవరు జేబులో కుక్కుకున్నాడు. "మరి... మందిరం కాడ..."

"నా ఎనక నీ పేరు. నువ్వు ఆర్పేస్తావని నాకు తెల్సు. అబద్దమాడి కర్పూరం ఆర్పితే ఆ కీడు నీ ఒక్కడితో పోద్దా? నీ పిల్లలకి తగులుతాది, మీ అప్ప పుట్టింటికి తగులుతాది. అది ఏడిస్తే నేను సూళ్ళేను. అందుకే నా దగ్గరే ఆపీసేను."

"నేను ఊళ్ళో సెప్పేస్తాను బావా. రేపే సెప్పేస్తాను."

"నెల్లాళ్ళైంది," అన్నాడు అప్పలసూరి. అందులో కోపం కూడా లేదు.

రైలొచ్చింది. జనరల్ పెట్టెలో తోపులాట. కుమారి పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి సీసా అందించింది. మొగుడి మొహం చూడలేక సీసా వైపే చూస్తూ అందించింది. అతనూ చెయ్యి మాత్రమే చాపాడు. రైలు కదిలి, కనుమరుగయ్యేదాకా ఆవిడ అక్కడే నిలబడింది.

తిరుమలరావు దగ్గరికొచ్చి, ముందుగా అడగవలసినవన్నీ వదిలేసి, ఇదడిగాడు.

"బావకి తెల్సిపోయింది అప్పా. నువ్వు గాని సెప్పేవా?"

కుమారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత పక్కనున్న బల్ల మీద కూలబడింది.

"ఆయనకి తెల్సా?"

"మొదట్నించీ తెల్సట."

"నేను సెప్పలేదురా. నీ సేతిలో సెయ్యేసేను గదా. నెల్లాళ్ళూ ఆయన మొకం సూళ్ళేక గోడేపు తిరిగి పడుకున్నాను. పలకరిస్తే లేసెల్పోయాను. అందరిలాగ నేనూ అసియ్యించుకుంటన్నానని అనుకొని ఎల్పోయాడు." ఖాళీ పట్టాల వైపు చూసింది. "ఆయనకి తెల్సని నాకు తెలిస్తే పోనిచ్చేదాన్నేట్రా?"

అతను కారు తాళాలు చేత్తో నలుపుతూ, "పద అప్పా, ఇంటికాడ దించుతాను," అన్నాడు.

ఆవిడ లేచి చెంగు నడుముకి బిగించి, వంతెన మెట్లెక్కి, బస్సు కాంప్లెక్సు వైపు నడిచి వెళ్ళిపోయింది.