చివరి నొప్పి

పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ మారగానే ప్రసూతి వార్డు నర్సు మంచాల మధ్య తిరుగుతూ, ఎవరి నొప్పులు ఎవరు పడుతున్నారో రాసుకుంటుంది. ఆవేళ మూడో మంచం మనిషి నొప్పులు ఆమె అత్తగారు పడుతోంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని, కోడలి చెయ్యి పట్టుకుని మూలుగుతుంటే, కోడలు రెండో చేత్తో తీరిగ్గా బన్ను తింటోంది.

ఐదో మంచం మీద దర్జీ అమ్మాయికి మాత్రం పైప్రాణాలు పైనే పోతున్నాయి. కుట్టుమిషను మీద బతికే మనిషే గాని, వేలికి సూది గుచ్చుకుంటే ఆ పూటకి కొట్టు కట్టేసే రకం. అక్క ఎక్కడ వదిలేస్తుందోనని ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది. బస్సు కండక్టరుగా చేసే ఆ అక్కకి పెళ్లయి తొమ్మిదేళ్లయినా కడుపు పండలేదు. చెల్లెలు అడగ్గానే సెలవు పెట్టి వచ్చి, తెల్లవారినప్పటి నుంచి నొప్పులన్నీ పళ్ల బిగువున తనే పడింది.

చివరిది మాత్రం కన్నతల్లే పడాలి. అది ఎవరు పడితే బిడ్డ వాళ్లదవుతుంది. ఆ సంగతి చేరిన రోజే అందరికీ చెబుతారు, చెల్లెలికీ చెప్పారు. పదకొండింటికి నర్సు వచ్చి చూసి, ఇంక ఒక్కటే ఉంది, చెయ్యి వదలమంది.

"వదలవే తల్లీ. ఒక్క నిమిషం ఓర్చుకో," అంది అక్క.

"నా వల్ల కాదక్కా. చచ్చిపోతాను."

"ఏం చావవు. ఇందాకటి నుంచి నేను చచ్చానా?"

చెల్లెలు ఒక వేలు తీసింది. రెండోది తీయబోతుంటే నడుములో ఎక్కడో సన్నగా మెలిపెట్టింది. అంతమాత్రానికే మళ్లీ అక్క మణికట్టు అందుకుంది. అక్క చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. నర్సు వేళ్లు విడదీయబోయింది. గాజులు చిట్లాయి గాని పట్టు సడలలేదు. అక్క మంచం పట్టె మీదికి వాలిపోయి గావుకేక పెట్టింది.

ఆడపిల్ల పుట్టింది. తుడిచి చెల్లెలి గుండెల మీద పడుకోబెడితే గుక్కపట్టి ఏడ్చింది. జోకొట్టినా ఊరుకోలేదు, పాలివ్వబోతే మొహం తిప్పేసుకుంది. అక్క కింద కూర్చుని గాజుముక్కలు ఏరుతోంది. చివరికి ఆ ఏడుపు వినలేక, "చలేస్తోందేమో, కప్పవే," అంది నేల చూపులు చూస్తూనే.

పిల్ల ఏడుపు ఆపి, ఆ గొంతు వచ్చిన వైపు మెడ తిప్పింది.

చెల్లెలికి అప్పుడు వేసింది భయం. పొద్దుటి నుంచి పడ్డ భయం దీని ముందు భయమే కాదు. బిడ్డని ఇంకా దగ్గరికి అదుముకుంది.

నర్సు రిజిస్టరు తెచ్చి, తల్లి పేరు చెప్పమంది. చెల్లెలు గబగబా నోరు తెరిచింది. నర్సు అప్పటికే అక్క వైపు తిరిగి ఉంది.