రేగులగూడెం నిలబెట్టుకున్న మాట

నేను ఒక ఓట్ల డబ్బాను. ఇనుప రేకుతో చేసి, ఆకుపచ్చ రంగు పూసి, నెత్తిన కాగితం దూరేంత సందు పెట్టారు. నోరు పెట్టి నాలుక పెట్టకపోవడం మనుషులకే చెల్లింది. మీటలు నొక్కే మిషన్లు వచ్చాక నా మొహం చూసే దిక్కు లేక, తహసీలు ఆఫీసు వెనక గదిలో విరిగిన కుర్చీల కింద పడి ఉన్నాను. నేను తిరిగిన ఎర్రకుంట నియోజకవర్గం కూడా ఇప్పుడు లేదు. పునర్విభజనలో మూడు ముక్కలు చేసి మూడు దిక్కులా కలిపేశారు. అయ్యో అన్నవాడు ఒక్కడూ లేడు.

మొదటి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా ఉండేది. గుర్తు మా పొట్టకు అంటించేవారు. ఆడవాళ్ళు చెప్పులు విడిచి వచ్చి, నాకు బొట్టు పెట్టి, దండం పెట్టుకుని మరీ ఓటు వేసేవాళ్ళు. ఒక ముసలాయన ఓటుతోపాటు తన పొలం తగాదా రాసిన అర్జీ కూడా నాలో వేశాడు. లెక్కింపులో అది బయటపడితే గుమస్తాలు పడి పడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సర్కారు నా లోపలే కూర్చుని వింటుందని నమ్మినవాణ్ణి చూసి ఏమని నవ్వను?

ఆ తర్వాత ఎన్ని ఎన్నికలు చూశానో! గెలిచినవాళ్ళ పేర్లు చాలావరకు మరిచిపోయాను. రేగులగూడెం మాత్రం మరపు రాదు.

ఆ ఊరు పెద్దవాగుకు అవతలి ఒడ్డున ఉంది. వానాకాలం వాగు పొంగితే ఊరు ఊరంతా అక్కడే బందీ. ఊళ్ళో పురుళ్ళు పోసే సాయవ్వ అంటే అందరికీ గురి. అడ్డం తిరిగిన కాన్పును ఎర్రకుంట దవాఖానాకు చేర్చలేక ఆమె కళ్ళ ముందే ఇద్దరు నిండు గర్భిణులు పోయారు. అందుకే ఆమెకు ఒకటే యావ, వాగు మీద వంతెన. ఓట్లు అడగడానికి ఎవరు వచ్చినా ఆమె ఇంకో మాట ఎత్తేది కాదు.

డెబ్బై ఎనిమిది ఎన్నికల ముందు మురహరిరావు దొర వచ్చాడు. వంతెన కట్టిస్తాను, పోచమ్మ గద్దె మీద పసుపు ముట్టి ఊరి ఓట్లన్నీ నాకేనని ఒట్టు వెయ్యండి అన్నాడు. సాయవ్వ ఊరందరి తరఫున ఒట్టు వేసింది. వారం తిరక్కుండానే ఆయన మీద పోటీ చేస్తున్న సిద్ధిరాములు వకీలు వచ్చి అదే వంతెన, అదే ఒట్టు అడిగాడు. కాదంటే ఈయన గెలిచి వంతెన ఆపేస్తాడేమోనని భయం. సాయవ్వ మళ్ళీ పసుపు ముట్టింది.

ఇంకో ఊరైతే ఇద్దరికీ సరే చెప్పి, లోపలికి వెళ్ళి నచ్చినవాడికి వేసి వచ్చేది. రేగులగూడెం వాళ్ళకు ఆ విద్య రాదు. పోలింగు నాడు బడి గుమ్మం ముందు వరుసలో నిలబడి వాళ్ళు మాట్లాడుకున్నదంతా విన్నాను.

"ఇద్దరికీ మాటిచ్చినం గదనే, ఎట్ల జేద్దాం?" అని ఒకామె అడిగింది.

"ఎట్లేంది? ఇద్దరికీ గుద్దుండ్రి. పోచమ్మ మీద ఒట్టేసి తప్పుతమా?" అంది సాయవ్వ.

నా గుండె గుభేలుమంది. ఇనుముకు గుండె ఎక్కడిదని అడగకండి, ఆ రోజు ఉంది. కాగితాలు ఒక్కటొక్కటే పడుతున్నాయి. ప్రతి కాగితం మీదా రెండు ముద్రలు, ఎంతో శ్రద్ధగా, గీత దాటకుండా గుద్దినవి. సిరా ఆరేదాకా ఊది మరీ మడిచారు. నూట ఎనభై ఏడు ఓట్లు.

లెక్కింపు బల్ల మీద నన్ను బోర్లించారు. అధికారి ఒక్కో కాగితం విప్పి "చెల్లదు" అంటూ పక్కన పడేశాడు. నూట ఎనభై ఏడుసార్లూ అదే మాట. దొర తొంభై ఆరు ఓట్లతో గెలిచాడు. ఈ ఊరి ఓట్లు వకీలుకు పడి ఉంటే ఆయన గెలిచేవాడు. గెలిస్తే వంతెన కట్టేవాడా? ఏమో, గెలిచినవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఆఖరికి ఇద్దరూ చూసింది ఫలితాల కాగితంలో రేగులగూడెం ఎదుట ఉన్న సున్నానే. ఊరు మోసం చేసిందని ఇద్దరూ అటు మొహం చూపలేదు. ఊరేమో, పాపం, పెద్దోళ్ళకు తీరిక దొరకలేదనుకుంది.

అయిదేళ్ళకు నన్ను మళ్ళీ ఆ బడికే తెచ్చారు. వరుసలో ఆడవాళ్ళ మాటల్లో సంగతి తెలిసింది. మూడేళ్ళ కిందటి వానల్లో సాయవ్వ కోడలు కనకవ్వకు నొప్పులొచ్చాయట. మంచం మీద మోసుకొచ్చి ఒడ్డున దించి, నీళ్ళు తగ్గుతాయేమోనని పొద్దంతా చూశారట. పొద్దుగూకేసరికి తల్లీ లేదు, పిల్లా లేదు.

సాయవ్వ అందరికన్నా ముందు లోపలికి వచ్చింది. బాగా వంగిపోయింది. కొత్త అధికారి, కుర్రాడు, మర్యాద తెలిసినవాడు, కాగితం ఇస్తూ, "అవ్వా, ఒక్క గుర్తు మీదనే ముద్ర వెయ్యాలె" అన్నాడు.

"పోయినసారి రెంటి మీద ఏసినం సారూ."

"అట్లయితే అది చెల్లదవ్వా. ఎవ్వరికీ పోదు."

"ఎవ్వరికీనా? దొరకు పోలేదా?"

"పోదు."

"వకీలుకు?"

"పోదవ్వా. చింపి పారేసినట్టే."

ఆమె కాగితం అందుకుంది. తెర చాటుకు వెళ్ళి చాలాసేపు నిలబడింది. "అయ్యో, నా చేతులతోనే..." అని గొణిగింది. తర్వాత ఏడుపు వినిపించింది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చే ఏడుపు. అధికారి రెండుసార్లు పిలిచాక వచ్చి కాగితం నాలో వేసింది. దాని మీద ఏ ముద్రా లేదు.

గుమ్మం దాటగానే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. "సారేమంటున్నడే? పోయినసారి మన మాట ముట్టిందా లేదా?"

సాయవ్వ కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకుంది. "ముట్టిందట బిడ్డా. ఇద్దరికీ ముట్టిందట. గీసారి మాత్రం ఒక్కలకే గుద్దుమంటున్నరు" అంది.

"ఇగ మాట తప్పినమని ఎవ్వడనడు" అని వెనకనుంచి ఒకామె సంబరంగా అంది. వరుస ముందుకు కదిలింది.