పేరు దగ్గర ఆగడం

సముద్రం వెనక్కి పోయింది. కిటికీలోంచి బురద వాసన.

సాయంత్రం ఆరు. గది తలుపు మూసుకుంది. లోపల గొంతు మొదలైంది.

రోజ్ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి చెవి అటు వేసింది. ఎవరితో మాట్లాడతాడీ ముసలాయన? ఫోను చూస్తే బయట బల్ల మీదే ఉంది. ఇంట్లో మూడో మనిషి లేడు. పిల్లి కూడా లేదు. అయినా రోజూ ఆరింటికి — అదే గొంతు. తొందర లేని గొంతు. దానికి అరగంట ముందు తెల్ల చొక్కా కావాలి, టై కావాలి, కోటు కావాలి. కిందకి మాత్రం గళ్ల లుంగీ.

ఎనిమిది నెలలుగా పినాంగ్‌లోని ఈ జార్జ్ టౌన్ ఇంట్లో ఆయన వంటా, మందులూ, బట్టలూ అన్నీ ఆమే చూస్తోంది.

ఎనిమిది నెలలుగా అనుమానమే.

డంకన్ గిలీస్. స్కాట్లండులో చేపలు పట్టే ఊరివాడు. తండ్రి పడవ నమ్ముకున్నాడు, కొడుకు గొంతు నమ్ముకున్నాడు. ఊరి పత్రికలో మొదలై, రేడియోకి వెళ్లి, ఆపైన టీవీలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఆరింటి వార్తలు చదివాడు. దేశమంతా ఆయన మొహం చూస్తూ భోజనం చేసేదట. పెళ్లాడింది పినాంగ్ నర్సుని. రిటైరయ్యాక ఆవిడ పుట్టిన ఊరికే వచ్చేశాడు. నాలుగేళ్ల కిందట ఆవిడ పోయింది. ఆయనా, ఆ కోటూ మిగిలారు.

మతి పోయిందా? పోయినట్టు నటిస్తున్నాడా? రోజ్‌కి రెండూ అనుమానమే. అనుమానించే విద్యలో ఆమె ఎవరికీ తీసిపోదు.

ఒకరోజు గాలికి తలుపు తెరుచుకుంది.

అద్దం ముందు కుర్చీ. చేతిలో పసుపుబారిన కాగితం. ఆయన పేర్లు చదువుతున్నాడు. ఒక పేరు — ఆగడం. ఇంకో పేరు — ఆగడం. ఆరు పేర్లు. ఏడోది చదవలేదు. కాగితం మడిచేశాడు.

ఆమెను చూశాడు. ఇక దాచలేక చెప్పాడు.

ఒక శీతాకాలం పడవ మునిగింది. ఆయన ఊరి పడవే. ఏడుగురు పోయారు. ఇంటివాళ్లకి కబురు అందాకే పేర్లు చదవాలి — అది వార్తలవాళ్ల నియమం. ఎవరో పొరపాటున కాగితం ముందే చేతిలో పెట్టారు. ఆయన చదివేశాడు. అప్పటికి ఆరిళ్లకే కబురు వెళ్లింది. ఏడో ఇంటికి ఇంకా వెళ్లలేదు. ఆ తల్లి బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ కొడుకు పేరు టీవీలో వింది.

నెల తర్వాత ఆవిడ ఉత్తరం రాసింది. “నువ్వు బాగా చదివావు. మావాడి పేరు దగ్గర ఆగావు.”

అంతే. ఇంకో మాట లేదు.

మెప్పా? శాపమా? ముప్ఫై ఏళ్లుగా ఆయన ఆ రెండు వాక్యాలనే అనుమానిస్తున్నాడు.

రోజ్ వెనక్కి తిరిగింది. వెళ్లి ఇస్త్రీ పెట్టె స్విచ్చి తీసేసింది.

రోజ్ వాళ్ల తెలుగు ఇళ్లల్లో నియమం వేరు. తాతలు రబ్బరు తోటల్లో కూలికొచ్చిన నాటినుంచీ అంతే. పోయారని ఫోనులో చెప్పరు. ఒంట్లో బాలేదంటారు. రమ్మంటారు. ఆమె పందొమ్మిదో ఏట ఫ్యాక్టరీ హాస్టల్‌కి ఫోనొచ్చింది — నాన్నకి కాస్త జ్వరం, రా. ఊరికెళ్తూ దారిలో సుంగై పెటాని బస్టాండులో కమలాపళ్లు కొంది. జ్వరం నోటికి పుల్లగా బాగుంటుందని.

ఇంటి ముందు టార్పాలిన్ పందిరి. వాకిట్లో చెప్పులు. ఎక్కడ చూసినా చెప్పులే...

పళ్ల సంచి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఊరందరికీ తెలుసు, కూతురికి తప్ప. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అప్పటినుంచీ ఎవరైనా మెత్తగా మాట్లాడితే చాలు, రోజ్‌కి అనుమానం.

ఈ గురువారం నాలుగింటికి క్లాంగ్ నుంచి తమ్ముడు రేమండ్ ఫోను చేశాడు. అమ్మ అతని దగ్గరే ఉంటుంది.

“అక్కా... అమ్మకి ఒంట్లో కొంచెం బావునేదు లా. ఓపాలి వొచ్చీ.”

ఎప్పుడూ కసిరే మనిషి. ఇవాళ మాట చివర ఇక్కడివాళ్లందరూ తగిలించే ‘లా’ ఉంది, కసురు లేదు.

“అమ్మకి ఫోనియ్యి.”

“తొంగుంది.”

నాలుగింటికా? ఎనభై రెండేళ్లలో అమ్మ పగలు పడుకున్నది ఎప్పుడు?

“ఏటి దాస్తన్నావురా? నాకాడ దాయకు.”

“ఏటీ నేదక్కా. బస్సులో జాగర్తగా రా.”

మెత్తగా. మెత్తగా... మెత్తగా.

మేనకోడలు షెర్లీకి చేసింది. ఎత్తలేదు. రేమండ్ పక్కింటి సుగంధి ఎత్తి, మీ తమ్ముణ్ణే అడుగు అంది. ఆవిడ వెనకాల చప్పుడు — ప్లాస్టిక్ కుర్చీలు జరుపుతున్న చప్పుడు. జబ్బుమనిషి కోసం ప్రార్థన పెట్టినా కుర్చీలు వేస్తారు. వేస్తారు కదా? రోజ్ తనకు తానే చెప్పుకుంది. నమ్మలేదు.

ఎనిమిదింటికి బస్సు. ఐదు గంటల దారి. మళ్లీ అదే ప్రయాణం, ఏమీ తెలియకుండా. సంచి సర్దింది. బల్ల మీద గిన్నెలో కమలాపళ్లున్నాయి. వాటివైపు చూడలేదు.

ఆయన దగ్గరికి వెళ్లింది. రేమండ్‌కి మీరు ఫోను చెయ్యండి సార్, అని అడిగింది. తమ్ముడికి తెలుగులో అయితే ఎన్ని మెత్తని మాటలైనా వస్తాయి. ఇంగ్లీషులో తెల్లాయన అడిగితే దాచడానికి వాడికి మాటలు చాలవు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంటివాళ్లు చెప్పాలి, నేను చెప్పకూడదు అన్నాడు.

“నేనే ఇంటిదాన్ని సార్. మీ నియమం ప్రకారమే ముందు నాకు చెప్పాలి లా.”

ఆయన కుర్చీలోంచి లేచాడు. ఆమె ఫోను తీసుకుని లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది.

ఐదున్నర. ఐదూ నలభై. గొంతు వినిపించింది, తగ్గు స్వరంలో. ఆ తర్వాత బీరువా తలుపు చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆరింటికి తలుపు తెరుచుకుంది.

తెల్ల చొక్కా. టై. కోటు.

కింద లుంగీ లేదు. ప్యాంటు వేసుకున్నాడు. బూట్లు కూడా. ఎనిమిది నెలల్లో మొదటిసారి.

వార్త చదవడానికా ఆ ప్యాంటు? తనతో బస్సెక్కడానికా?

చేతిలో కాగితం. అందులో ఒక్కటే వరుస. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. అద్దం వైపు చూడలేదు.

“చదవండి సార్.”

ఆయన ఊపిరి తీసుకున్నాడు. “ఎవెలిన్...” అన్నాడు. అమ్మ పేరు. తొందర లేని గొంతు.

ఆగాడు.

రోజ్ ఆ ఆగడాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. కిటికీ అవతల బురద వాసన. బురద మీద సన్నగా నీటి గీత. సముద్రం వస్తోందో — పోతోందో... ఇక్కణ్నుంచి తెలియడం లేదు.