రెండు హీటర్లు, నూనె గోడ

పొద్దున టీ తాగి వచ్చేసరికి పామాయిల్ మిల్లు గోడ మీది నూనె పెరిగి, చలికాలం నెయ్యిలా పేరుకుని, లోపలి గది తలుపును మూసేసి ఉంది. ఆ గదిలో నా తమ్ముడు కృపానందం ఉన్నాడు.

మిల్లులూ బస్సు డిపోలూ కడగడం మా ఇద్దరి పని. మా ప్రెషర్ మెషీను గట్టిగానే కొడుతుంది గాని, దాంట్లో వచ్చేవి చన్నీళ్లు. గన్ను నొక్కుతాను. నీళ్లు తగిలినచోట నూనె ఇంకాస్త ముందుకు జరుగుతుంది, చలికి దుప్పటి లాక్కున్నట్టు.

"అక్కా, కొట్టకు," గోడలోంచి తమ్ముడి గొంతు. "నువ్వు కొట్టినప్పుడల్లా గది చిన్నదవుతోంది."

"ఎంత చోటుంది?"

"కూర్చోగలను. కాళ్లు చాపలేను."

"వేడినీళ్లు తెస్తాను."

"తెస్తే ఎక్కువ తే. కొంచెమైతే ఈ నూనె స్నానం చేసి మళ్లీ పడుకుంటుంది."

బాపినీడు గారి హీటర్ల కొట్టు నిన్న ఏలూరులో ఉంది. ఇవాళ మిల్లు వెనకే ఉంది. తొందరలో ఉన్నవాళ్లకి దగ్గరగా జరుపుతానంటారు ఆయన. హీటర్లు బల్లల మీద వరుసగా కూర్చున్నాయి. ఆసుపత్రిలో పిలుపు కోసం చూసేవాళ్లలా నన్ను చూసి సర్దుకుంటాయి.

"ఎంత వేడి కావాలమ్మా ఎస్తేరూ?"

"పేరుకున్న నూనె కరిగేంతండి."

"నీళ్లెన్ని?"

"గోడంతా ఒక్కసారే తడిసేన్ని."

ఆయన కళ్లజోడు తీసి పక్కన పెడతారు. "వేడి కావాలని వస్తారు, నీళ్లు కావాలని వస్తారు. రెండూ కావాలన్నారంటే ఎవరో ఇరుక్కున్నట్టే. ఎవరు?"

"మా తమ్ముడండి."

మొదటిది కరెంటు హీటరు. నీళ్లు సలసలా కాగుతున్నాయి గాని, సెలైన్‌లా చుక్కలుగా పడుతున్నాయి. చుక్కకీ చుక్కకీ మధ్య నా గోళ్లు పెరుగుతాయి.

రెండోది డీజిల్‌ది. కుళాయి కాస్త తిప్పితే పొగలు కక్కుతూ వస్తాయి. పూర్తిగా తిప్పుతాను. నీళ్లు మంటను పలకరించకుండా పరుగెత్తి గోరువెచ్చగా బయటపడతాయి.

మూడోది పెద్ద ట్యాంకు. మూత తీస్తే లోపల ఆవిరి కమ్మిన చెరువు, మధ్యలో ఒక పడవ.

"ఇవి అయిపోతే?"

"మళ్లీ కాగడానికి ఎండాకాలం రావాలి."

ఫోను మోగుతుంది. "అక్కా, ఇప్పుడు నిలబడ్డాను," అంటాడు కృపానందం. "కూర్చునే చోటు పోయింది." గొంతు తలుపు కిందనుంచి తోసిన కాగితంలా పలచగా వస్తోంది.

కొట్టు చివర గదంత డీజిల్ హీటరు గర్జిస్తోంది. దాని కుళాయి ఎంత తిప్పినా నీళ్లు వేడిగానే ఉన్నాయి.

"ఇది ఇచ్చెయ్యండి."

"దీని పొగ ఎటు పోతుంది?"

"మిల్లులోకి..."

"నీళ్లకన్నా ముందు పొగే అందుతుంది నీ తమ్ముడికి."

"బయట పెడతానండి."

"ఇంత మంట బయట పెడితే ఊరంతా వచ్చి చలి కాచుకుంటుంది. లేవమంటే లేవరు. నీకు దారి ఉండదు."

అది నిజమే. నా అరచేతుల్లోనూ నూనె పేరుకోవడం మొదలైంది. వేళ్లు ముడవలేకపోతున్నాను. మళ్లీ రెండోదాని దగ్గరికి వెళ్లి నిలబడతాను. అందులో నీళ్లు సగమే పోనిస్తే అది బాగానే కాస్తుంది.

"దీనికి జత ఉందాండి? సగం నీళ్లు దీంట్లోకి, సగం దాంట్లోకి పంపిస్తాను. కాగాక కలుపుకుంటాను."

బాపినీడు గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటారు. తర్వాత బల్ల కిందనుంచి దాని జతను చెయ్యి పట్టుకుని లేపుతారు. "కవలలు. నీళ్లు సమానంగా ఇవ్వాలి. ఒకదానికి తక్కువైతే అది ఎండి పగిలిపోతుంది. నువ్వు పక్కనే ఉంటావు, చూసుకో."

మిల్లు ఈలోగా దూరం జరిగింది. ఆటో ఎక్కుతాం. హీటర్లు నాకు చెరో పక్కా కూర్చుంటాయి. ఫోను చేస్తే కృపానందం ఎత్తుతాడు గాని మాట్లాడలేడు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది, అదీ ఒక ముక్కుతోనే.

మిల్లు బయట రేకు నీడలో రెంటినీ నిలబెట్టి మా మెషీనుకు గొట్టాలు బిగిస్తాను. ఒకటి వెంటనే అందుకుంటుంది. రెండోది అలిగి దగ్గుతోంది. చెరో గొట్టం మీద చెరో చెయ్యి వేసి, ఎక్కువ కాలిన చేతివైపు నీళ్లు పెంచుతాను. కాసేపటికి రెండు చేతులూ ఒకేలా కాలుతున్నాయి. లోపలికి పరుగెత్తి గన్ను నొక్కుతాను.

గోడ మొదట చెమర్చుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా జారుతుంది. ఎర్రటి నూనె నా మోకాళ్లు దాటి వాకిట్లోకి పోతోంది. తలుపు సందులోంచి కృపానందం పక్కకి తిరిగి, ఇస్త్రీ చేసిన చొక్కాలా పలచగా బయటికొస్తాడు. వాకిట్లో నాలుగుసార్లు ఊపిరి పీల్చి మామూలు మందానికి వస్తాడు. తల నుంచి కాళ్ల దాకా నూనే.

"వేడి సరిపోయింది," అంటాడు.

నేనేదో అనబోతుండగా తోటలోంచి పామాయిల్ చెట్లు నడిచి వస్తాయి. తమ నూనె తాము తీసుకోవడానికి వచ్చాయి. మట్టలు దించి, వాకిట్లో పారుతున్న నూనెను గెలల్లోకి తోడుకుంటున్నాయి. వాకిలి శుభ్రమవుతోంది. ఇక కృపానందం ఒంటి మీదిదే మిగిలింది. ఒక చెట్టు మట్ట దించి అతని నడుం చుట్టూ వేస్తుంది. అతని కాళ్లు నేలను వదులుతాయి.

"అక్కా, నా మీద కొట్టకు. తోలు ఊడుతుంది."

నాకు తెలుసు. చెట్టు మొదలు మీద కొడతాను. చెట్టు కదలడం ఆపేస్తుంది. మట్ట మెల్లగా వదులవుతుంది. కృపానందం నా పక్కన పడి, నా చీర కుచ్చిళ్లు పట్టుకుంటాడు.

చెట్టు వెనక్కి పోదు. వేళ్లు ఇంకాస్త ముందుకు, వేడినీళ్ల కిందికి చాపుతుంది. దాని వెనక మిగతా చెట్లు తమ వంతు కోసం వరుస కడతాయి. వరుస గేటు దాటి, రోడ్డు దాటి, కనిపించినంత మేరా ఉంది. ఒక్క ఆకూ కదలడం లేదు.

"ఆపకు," అంటాడు కృపానందం, గొంతు తగ్గించి. "నేను గొట్టాలు చూస్తాను."

అతను హీటర్ల దగ్గరికి పరుగెత్తుతాడు. నేను వంగి, చెట్టు వేళ్ల మీది మట్టిని వేడినీళ్లతో కడుగుతాను. మట్టి పొరలు పొరలుగా వదులుతుంది. కింద మెట్టెలు పెట్టుకున్న పాదం బయటపడుతుంది, వేడి తగలగానే వేళ్లు ముడుచుకుంటుంది.